కువైటుకు పోయే తల్లి, సుగ్గికి పోయే ఇల్లు



పొద్దున్నే పేపరు విప్పితే ఏదో ఒక దేశంలో ఇదే రభస కనబడుతూ ఉంటుంది. బయటివాళ్ళు వచ్చి మన ఉద్యోగాలు తన్నుకుపోతున్నారు, పంపించెయ్యండి అని ఒక పక్షం. వాళ్ళు లేకపోతే మన పనులు ఎవరు చేస్తారు అని ఇంకో పక్షం. మధ్యలో ఎన్నికలు. మనం ఆ పేజీ తిప్పేసి, బంగారం ధర ఎంతయిందో చూసుకుని, పేపరు మడిచి పక్కన పెడతాం. ఎక్కడో జరిగే గొడవ మన వంటింట్లోకి ఎందుకొస్తుందిలే అని మన ధీమా.

మా కడప వైపు మాత్రం ఆ ధీమా చెల్లదండి. 2020 నాటి సంగతి చెబుతాను. ఆ ఏడు కరోనా వచ్చింది, పెట్రోలియం ధర పడిపోయింది. కువైటు దేశానికి రాబడి అంతా భూమిలోంచి వచ్చే ఆ నూనె మీదనే గనక, అక్కడ ఇంటి బడ్జెట్టు తలకిందులైంది. అలాంటప్పుడు ఏ ఇంట్లోనైనా మొదట ఎవరి మీద చూపు పడుతుందో మనకు తెలుసు. ఆ జూన్ నెలలో అక్కడి ప్రధానమంత్రి, దేశ జనాభాలో 70 శాతంగా ఉన్న విదేశీయులను 30 శాతానికి తగ్గించాలన్నారు. ఆ తరువాతి నెలలో వాళ్ళ పార్లమెంటు కమిటీ ముందుకు ఒక బిల్లు వచ్చింది. భారతీయులు కువైటు జనాభాలో 15 శాతానికి మించి ఉండరాదని అందులో రాశారు. అది చట్టమైతే 8 లక్షలమంది మనవాళ్ళు పెట్టె సర్దుకోవాలని పత్రికలు లెక్క కట్టాయి. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు ఎన్ని ఇళ్ళల్లో ఆ వారం అన్నం సహించలేదో ఊహించుకోండి. చివరికి ఆ అక్టోబరులో వాళ్ళు చేసిన చట్టంలో ఆ శాతాలు లేకుండా పోయాయి. ఎనిమిది లక్షలమంది వెనక్కి రాలేదు. కానీ సముద్రానికి అవతల నలుగురు సభ్యులు బల్ల చుట్టూ కూర్చుని ఒక అంకె మార్చితే, ఇవతల ఒక ముసలమ్మ మందుల చీటీ ఆగిపోతుందని అందరికీ తెలిసొచ్చింది.

ఇంతకూ మనవాళ్ళు అంతదూరం ఎందుకు పోతున్నట్టు? ఆశకు పోతున్నారు, ఉన్న ఊళ్ళో పని చేసుకోరాదా అనే మాట నేను పేరంటాల్లో చాలాసార్లు విన్నాను. అనడం సులువే. ఉన్న ఊళ్ళో ఏముందో కొంచెం చూద్దాం.

రాయలసీమ అనే పేరు పెట్టింది 1928లో, నంద్యాల సభలో. చిలుకూరి నారాయణరావుగారు సూచించిన పేరు అది. అంతకుముందు మనల్ని దత్తమండలాలనేవారు. 1800లో నిజాం నవాబు ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసిన మండలాలన్నమాట. అంటే ఈ నేల మీద వాళ్ళను ఎవరూ అడక్కుండానే చేతులు మారిన చరిత్ర మనది. ఆ తరువాత ఆంధ్ర రాష్ట్రం కావాలన్నప్పుడు సీమ పెద్దలకు ఒక జంకు పట్టుకుంది. కృష్ణా, గోదావరి డెల్టాలున్న కోస్తావారితో కలిస్తే మన గతి ఏమిటని. ఆ జంకు తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట్లో ఇరువైపుల నాయకులూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. అందుకే అది శ్రీబాగ్ ఒడంబడిక అయింది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో సీమకు మొదటి హక్కు ఇస్తామన్నారు. రాజధాని, హైకోర్టు రెండింటిలో ఏది కావాలో సీమవాళ్ళే ఎంచుకోవచ్చన్నారు.

పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరులో ప్రాణం ఇచ్చాక, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని. చాలినన్ని భవనాలు లేక గుడారాల్లో ఆఫీసులు నడిపారని పెద్దవాళ్ళు ఇప్పటికీ కథలుగా చెబుతారు. మూడేళ్ళ ఒక నెల. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది, గుడారాలు ఎత్తేశారు. 2014 జూన్ 2న రాష్ట్రం మళ్ళీ రెండయింది. హైదరాబాదు అటు పోయింది, కొత్త రాజధాని అమరావతి అన్నారు. 2020లో మూడు రాజధానుల చట్టం చేసి, కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. మరుసటి ఏడే ఆ చట్టం వెనక్కి తీసుకున్నారు. 2022లో హైకోర్టు అమరావతే అంది. 2024లో ప్రభుత్వం మారి, అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాయి.

ఇందులో ఏది న్యాయమో చెప్పడానికి నేను రాలేదు. మీ ఇంట్లో ఒకరు ఒక పార్టీ, ఇంకొకరు ఇంకో పార్టీ అయి ఉంటారు. మా ఇంట్లోనూ అంతే. భోజనాల దగ్గర రాజధాని మాటెత్తితే పప్పు చల్లారిపోతుంది. నేను చూసింది ఒక్కటే. ఆ రాజధాని బోర్డు ఎన్నిసార్లు ఎక్కడికి మారినా, కోసిగి నుంచి గుంటూరుకు పోయే కూలివాళ్ళ బండి మాత్రం ఏటా అదే నెలలో బయలుదేరుతోంది. రాజధాని మీద జరిగినంత వాదన నీళ్ళ మీద జరగలేదు. 2016 మే 31న మన రైతులు తమంతట తాము సిద్ధేశ్వరం దగ్గరికి నడిచి పోయి, కృష్ణ మీద అలుగు కట్టాలని శంకుస్థాపన చేసి వచ్చారు. ఆ వార్త ఎంతమందికి గుర్తుంది?

కోసిగి అన్నాను గదా, ఆ సంగతి చెబుతాను. కర్నూలుకు పడమటి వైపు ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆలూరు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి దర్శనానికి మనలో చాలామంది పోయినవాళ్ళమే. పక్కనే తుంగభద్ర. నది పక్కనే ఉంది గదా, చేలు పచ్చగా ఉండాలి గదా అనుకుంటాం. తుంగభద్ర డ్యాము నుంచి వచ్చే దిగువ కాలువ కర్ణాటకలో ఎంతో దూరం పారి, ఆ తరువాత గానీ మన నేల మీదికి రాదు. పైనవాళ్ళు తోడుకోగా మిగిలింది మనకు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాముకు 19వ గేటు కొట్టుకుపోయి, నిండిన నీళ్ళు వారం రోజులు వృథాగా కిందికి పోయాయి. మిగతా పొలమంతా వాన మీదనే. పత్తో, వేరుశనగో, జొన్నో, ఒక్క పంట. అది చేతికొస్తే అప్పు తీరుతుంది, రాకపోతే అప్పు పెరుగుతుంది. రెండు విధాలా సంక్రాంతి నాటికి ఊళ్ళో పని ఉండదు.

అప్పుడు సుగ్గి. ఆ మాట కన్నడం నుంచి వచ్చింది, పంట కోతల కాలమని అర్థం. ఇక్కడ దానికి వలస అనే అర్థమే వాడుకలో నిలిచిపోయింది. "సుగ్గికి పోతాండాం" అంటే ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను వాకిట్లో కూర్చోబెట్టి, గిన్నెలూ, బొంతలూ, బిడ్డలతో సహా లారీ ఎక్కుతున్నామని. పత్తి తీయడానికి కొందరు తెలంగాణ వైపు పోతారు. మిరపకాయలు కోయడానికి ఎక్కువమంది గుంటూరు వైపు. మార్చి నెలలో మనం సాలుకు సరిపడా మిరపకాయలు తెచ్చి, తొడిమలు తీసి, ఎండబెట్టి కారం కొట్టిస్తాం గదా. ఆ ఒక్క పూటకే చేతులు మండి వెన్న రాసుకుంటాం. ఆ కాయలు కోసిన చేతులు మూడు నెలలు ఆ మంటలోనే ఉన్నాయి. చంటిబిడ్డను చేను గట్టు మీద చీర ఉయ్యాలలో వేసి, ఆ చేతులతోనే పాలివ్వాలి.

బడుల సంగతి మరీ కష్టం. జనవరి దాటితే తరగతి గదులు సగానికి ఖాళీ. తల్లిదండ్రులు పోయినా పిల్లలు నిలవాలని ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు పెట్టింది. మంచిదే. కానీ పదేళ్ళ ఆడపిల్ల హాస్టల్లో ఉంటే, చేనులో చంటివాణ్ణి చూసుకునేదెవరు? అంచేత పుస్తకాల సంచి ఇంట్లో ఉండిపోతుంది, పిల్ల లారీ ఎక్కుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వీళ్ళు మిరప చేలల్లోనే చిక్కుకుపోయారు. మన రాష్ట్రంలోనే, మన భాష మాట్లాడే జిల్లాలోనే, వాళ్ళు పరాయివాళ్ళయిపోయారు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. 2014లో రాష్ట్రం విడిపోయిందా, 2019 ఆగస్టులో రేషన్ కార్డు మళ్ళీ కలిపింది! ఒక రాష్ట్రపు కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే ఏర్పాటును మొట్టమొదట మొదలుపెట్టిన జంటల్లో ఆంధ్ర, తెలంగాణలు ఒకటి. నాయకులు గీసిన గీతను ఒక సంచీ బియ్యం దాటింది. మీ ఇంటి పక్కన కట్టడం పనికి వేరే ఊరినుంచి వచ్చినవాళ్ళుంటే, వాళ్ళకీ సంగతి తెలుసో లేదో ఒకసారి అడగండి.

సుగ్గి ఇల్లిల్లంతా పోయే వలస. కడప వలస అలా కాదు. ఇక్కడ ఇల్లు ఉంటుంది, ఇంటి ఇల్లాలు పోతుంది.

కువైటుకూ మనకూ సంబంధం కొత్తది కాదు. 1961 దాకా ఆ దేశంలో చెల్లింది రూపాయే అంటే నమ్ముతారా? మన రిజర్వు బ్యాంకు అచ్చువేసిన రూపాయి. ఆ ఏడే వాళ్ళకు స్వాతంత్ర్యమూ వచ్చింది, సొంత దినారూ వచ్చింది. అక్కడినుంచి నూనె డబ్బు పెరిగేకొద్దీ రోడ్లు, ఇళ్ళు, కార్లు, ఆ కార్లకు డ్రైవర్లు, ఆ ఇళ్ళకు వంటమనుషులు, ఆయాలు కావలసి వచ్చారు. మన వైపు నుంచి మొదట నలుగురు పోయారు. వాళ్ళు తమ్ముణ్ణి పిలిపించుకున్నారు, తమ్ముడు బామ్మర్దిని, బామ్మర్ది భార్యను. ఒకరి వెనక ఒకరు, తీగ పాకినట్టు. ఈనాడు ఆ వైపు పల్లెల్లో పోతుంటే రంగురంగుల మిద్దె ఇల్లు కనబడితే, ఎవరిదీ అని అడగనక్కర లేదు, కువైటు ఇల్లే. బయట తాళం, లేదా లోపల అవ్వ, ఇద్దరు పిల్లలు.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటులోకి దిగింది. ఒక్క రాత్రిలో దినారు చిత్తుకాగితమైంది. లక్షా 70 వేలమందికి పైగా మనవాళ్ళు జోర్డాను దేశపు అమ్మాను నగరం మీదుగా ఎయిరిండియా విమానాల్లో తిరిగి వచ్చారు. 488 విమానాలు తిరిగాయి. బతికివస్తే చాలన్నారు అప్పుడు. యుద్ధం ముగిసి అక్కడ పనులు మొదలుకాగానే మళ్ళీ పోయారు. ఎందుకు పోయారంటే, వాళ్ళు తిరిగొచ్చేసరికి ఇక్కడ కొత్తగా వచ్చిన నీళ్ళు లేవు, వెనకటి అప్పు మాత్రం అలాగే ఉంది.

మా వీధి చివర మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఒకావిడ కువైటులో పదకొండేళ్ళు ఇంటిపని చేసి వచ్చింది. ఒకరోజు ఆమెను అడిగాను, అక్కడ ఎలా ఉండేదమ్మా అని. "తిండికి లోటు లేదక్కా. బాబా, మామా ఇద్దరూ మంచోళ్ళే" అంది. అక్కడ యజమానిని బాబా అనీ, ఇంటావిడను మామా అనీ పిలుస్తారట. కాసేపు గుడ్డ మడతపెట్టి, మళ్ళీ తనే అంది. "నా బిడ్డకు నడకొచ్చిన దినం నేను చూడల్యా. వాళ్ళ బిడ్డకు నడకొచ్చింది మాత్రం నా చేతులు పట్టుకునే." ఆ పైకంతోనే ఆమె తమ్ముడి చదువు, చెల్లెలి పెండ్లి, మిద్దె ఇల్లు అయ్యాయి. బిడ్డ మాత్రం ఇప్పటికీ అవ్వనే అమ్మా అంటుందట.

ఇలాంటి ఆడవాళ్ళ గురించి ఊళ్ళో నోళ్ళు ఊరుకోవు. పోయినప్పుడు ఒక మాట, డబ్బు పంపినప్పుడు ఒక మాట, కొంచెం మంచి చీర కట్టుకుని తిరిగొస్తే మరీ. మగవాడు దేశంకాని దేశం పోతే సంపాదనపరుడు, ఆడది పోతే ఆరాలు. ఆ డబ్బుతో కట్టిన ఇంటి గృహప్రవేశానికి పోయి భోజనం చేసివచ్చి మరీ అంటారు! ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి, అనక తప్పదు.

వెళ్ళడం ఎలాగన్నది మనం తెలుసుకుని ఉండటం అవసరం. మనకెందుకు అంటారా? మనింట్లో అంట్లు తోమే అమ్మాయో, ఆమె వదినో రేపు "అక్కా, కువైటుకు పోతాండా, ఈ కాగితం జర చూడు" అని రావచ్చు. పదో తరగతి చదివినవాళ్ళం, ఆ కాగితం చదివిపెట్టగలం గదా.

కువైటు వీసాల్లో రెండు నంబర్లు ముఖ్యం. 18వ నంబరు వీసా కంపెనీల్లో, దుకాణాల్లో పనికి. 20వ నంబరు వీసా ఇంటిపనికి, డ్రైవరు పనికి. మనవాళ్ళు దీన్ని ఖద్దామా వీసా అంటారు. ఏ వీసా అయినా ఒక యజమాని పేరు మీద ఉంటుంది. ఆయనే కఫీల్. అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి అకామా, అది ఆ కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. ఆయన ఇల్లు వదిలి వేరేచోట పనికి చేరితే, జీతం ఎంత ఎక్కువొచ్చినా చట్టం దృష్టిలో పారిపోయినట్టే. అలాంటివాళ్ళను ఖల్లివెల్లి అయ్యారంటారు. ఒంట్లో బాగాలేకపోయినా ఆసుపత్రికి పోవడానికి భయం, ఊరికి రావడానికి దారి లేదు. 2018లోనూ, 2024లోనూ అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, అలా ఏళ్ళ తరబడి దాక్కుని బతికినవాళ్ళు ఇళ్ళకు చేరారు. "ఫ్రీ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు" అని ఎవరైనా ఏజెంటు అంటే, అలాంటి వీసా ఏదీ చట్టంలో లేదని ముఖం మీదే చెప్పండి.

ఆడవాళ్ళకు మన ప్రభుత్వం పెట్టిన నియమాలు వేరే ఉన్నాయి. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ అనుమతి కావాలని ముద్ర ఉంటుంది. 1983లో వచ్చిన ఎమిగ్రేషన్ చట్టం కింద, అలాంటివాళ్ళు గల్ఫు దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు అనుమతి ఉండాలి. ఆడవాళ్ళకైతే 30 ఏళ్ళు నిండాలి. 2016 నుంచి ఇంటిపని ఆడవాళ్ళను ప్రైవేటు ఏజెంట్లు పంపరాదని, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలని నియమం పెట్టారు. మన రాష్ట్రంలో దానికి ఎంపిక చేసిన సంస్థ ఓంక్యాప్. నియమం భేషుగ్గా ఉంది. ఆచరణలో ఏమైందంటే, ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి అప్పు తీర్చాలి, ముప్పై దాకా ఆగలేదు. ఏజెంటు ఆమెను సందర్శకుల వీసా మీద ఇంకో దేశానికి ఎక్కించి, అక్కడినుంచి దారి మళ్ళిస్తాడు. అలా పోయినదాని పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. కష్టమొస్తే ఆమె ఎక్కడుందో తేలేసరికే నెలలు పడుతుంది. ఆడవాళ్ళను కాపాడాలని వేసిన కంచె ఒక్కోసారి వాళ్ళను దొంగదారికే తోస్తోందని నా అభిప్రాయం. కంచె తీసెయ్యమని కాదు, పక్కన ఒక వాకిలి పెట్టమని.

కువైటువాళ్ళు కూడా ఇంటిపనివాళ్ళ కోసం 2015లో ఒక చట్టం చేశారు, 68వ నంబరు చట్టం. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికొక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని ముగించి వచ్చేటప్పుడు, చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. పాస్‌పోర్టు యజమాని తన దగ్గర ఉంచుకోకూడదు. మరుసటి ఏడు కనీస జీతం నెలకు 60 దినార్లని పెట్టారు. దినారు మన మూడు వందల రూపాయలకు అటూ ఇటూ అనుకుంటే, పదిహేడు, పద్దెనిమిది వేలు. రోజుకు 12 గంటలకు! మరి మనింట్లో పని చేసే మనిషికి వారానికొక సెలవు ఇస్తున్నామా అని నన్నడక్కండి. నేను ఈ చట్టం చదివిన వారం నుంచీ మా ఇంట్లో ఆదివారం అంట్లు మేమే కడుగుతున్నాం. మావారికి అది అంతగా నచ్చలేదు.

ఇంకో పక్క కూడా చూడండి. మన ఊళ్ళల్లో హోటల్లో టిఫిను ప్లేటు పెట్టే కుర్రవాడు ఈమధ్య హిందీలో మాట్లాడుతున్నాడు. కొత్త ఇంటికి టైల్సు వేసేవాళ్ళు, సీలింగు చేసేవాళ్ళు బీహారు నుంచో, ఒడిశా నుంచో వచ్చినవాళ్ళు. "వీళ్ళొచ్చి మనవాళ్ళ కూలి రేట్లు చెడగొడుతున్నారు" అని మా మిద్దె పని చేసిన మేస్త్రీ ఒకసారి గొణిగాడు. ఆ మేస్త్రీ కొడుకు కువైటులో ఉన్నాడు. అక్కడ ఒక కువైటీ మేస్త్రీ ఉంటే ఆయనా ఇదే అంటాడేమో నాయనా అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఆయన గోడునూ కొట్టిపారెయ్యలేం, ఎందుకంటే కూలి నిజంగానే తగ్గుతుంది. తగ్గించి మిగుల్చుకునేది ఆ బీహారు కుర్రవాడు కాదు, కాంట్రాక్టరు. ఇల్లు కట్టించుకునే మనం కూడా కొంత.

సరే, కాగితం దగ్గరికి వద్దాం. ఎవరైనా మీ దగ్గరికి వస్తే ముందు వీసా నంబరు, కఫీల్ పేరు, జీతం, వయసు చూడండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనబడుతుంది, మీ పిల్లల్ని అడిగితే రెండు నిమిషాల్లో చూసిపెడతారు. లైసెన్సున్న ఏజెంటైనా 30 వేల రూపాయలు, దాని మీద పన్ను, అంతకుమించి ఫీజు తీసుకోరాదు. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళ దగ్గర ప్రైవేటు ఏజెంటు డబ్బడిగితే అక్కడే అనుమానించాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒకటుంది. 2017లో సవరించిన లెక్క ప్రకారం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 కడితే, పనిచేసేచోట ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. 2024 జూన్ 12న కువైటు మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం అంటుకుని కనీసం 45 మంది భారతీయులు పోయారు. అప్పటిదాకా ఆ బీమా సంగతి ఎన్ని ఇళ్ళల్లో తలుచుకున్నారో!

డబ్బు పంపే సంగతి కూడా పోకముందే తేల్చుకోవాలి. హుండీ మీద పంపితే రూపాయి ఎక్కువొస్తుందని ఆశపెడతారు, తేడా వస్తే అడగడానికి రసీదు ఉండదు. పోయే మనిషి తన పేరు మీదే బ్యాంకు ఖాతా తెరిచి, ఇంటి ఖర్చుకు వేరే ఖాతాకు పంపుకోవాలి. పదేళ్ళ కష్టం భర్త ఖాతాలోనో, అన్న ఖాతాలోనో పడి, తిరిగొచ్చాక ఇంట్లో తనకు చోటు లేదన్నవాళ్ళను మనమందరం చూశాం.

పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, పని ఒప్పందం, ఒక్కోదానికి నాలుగేసి నకళ్ళు తీయించండి. ఒకటి ఆమె పెట్టె అడుగున, ఒకటి ఇంట్లో, ఒకటి నమ్మకమైన బంధువు దగ్గర, ఇంకోటి మీ దగ్గరే ఉంచుకున్నా తప్పులేదు. రేపు ఎంబసీకి ఫిర్యాదు పెట్టాలన్నా, విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో రాయాలన్నా మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరే. ఫోనులో ఫోటో ఉంది గదా అంటారు. ఆ ఫోను అక్కడికి పోయాక ఎవరి చేతిలో ఉంటుందో ఎవరికి తెలుసు, కాగితం తీయించండి.